చేతికి వచ్చిన కార్ఖానా: విద్యుత్ పనిముట్లపై తెగని వాదాలు

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న పేటలు. పాత డాబా ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు లేపడం ఇక్కడ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. అదే అశోక్‌నగర్ గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ సెంటర్లకూ, జిల్లాల నుంచి వచ్చిన నిరుద్యోగుల హాస్టళ్లకూ నెలవు. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉండనే ఉంది. గోడకు ఇటువైపు హ్యామర్ మిషను, అటువైపు పరీక్షకు చదివే మనిషి. చేతిలో పట్టుకుని నడిపే విద్యుత్ పనిముట్టు నగర జీవితంలోకి ఎంత లోపలికి వచ్చిందో చూడాలంటే ఈ పేటలు చాలు.

దాని మీది చర్చ మాత్రం బాగా చిక్కుపడింది. పని ఎంత త్వరగా అవుతుందని ఒకరు అడిగితే, చేతిపని పోతోందని మరొకరు జవాబిస్తారు. ఊపిరితిత్తుల సంగతేమిటని వైద్యులంటే, ముందు దిగుమతి సరుకు సంగతి చూడమని తయారీదారులంటారు. వేగం, నైపుణ్యం, ఆరోగ్యం, దేశీయ తయారీ అనే నాలుగు వేర్వేరు వాదాలు ఒకే గంపలో పడ్డాయి. వాటిని విడదీసి చూస్తే అడుగున అందరూ వదిలేసిన అయిదో ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. కార్ఖానాను ఒక చోటుగా భావించి రాసుకున్న చట్టాలు, చేతిసంచిలో ఇంటింటికీ తిరిగే కార్ఖానాను ఎలా పట్టుకోవాలి?

మోటారు చేతిలోకి దిగిన దారి

మొదటి విద్యుత్ డ్రిల్లు పేటెంటు 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్‌లకు దక్కింది. అది రాతినీ బొగ్గునూ తొలవడానికి చేసిన బరువైన యంత్రం. చేత్తో మోసుకుపోగల డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఫైన్ సంస్థ తయారుచేసింది. అయితే దాన్ని పట్టుకోవడమే ఒక పని. ఆ ఇబ్బందికి అమెరికాలోని బాల్టిమోర్‌లో బ్లాక్ అండ్ డెకర్ వాళ్లు జవాబు కనిపెట్టారు. పిస్తోలు పిడి, వేలితో నొక్కే స్విచ్చు. 1914లో దరఖాస్తు చేస్తే 1917లో పేటెంటు వచ్చింది. ఈనాటికీ ఏ డ్రిల్లు చేతిలోకి తీసుకున్నా రూపం అదే.

దీనికి తోడ్పడింది యూనివర్సల్ మోటారు. ఏసీ మీదా డీసీ మీదా తిరుగుతుంది, చిన్న ఒళ్లయినా నిమిషానికి పదుల వేల చుట్లు తిరగగలదు. కార్బన్ బ్రష్షుల ద్వారా ఆర్మేచరుకు కరెంటు అందుతుంది. బ్రష్షులు అరిగితే మార్చుకోవచ్చు, ఆర్మేచరు కాలితే తీగ మళ్లీ చుట్టుకోవచ్చు. ఈ సులువే తర్వాత మన దేశంలో దాని ఆయుష్షును పెంచింది.

అక్కడి నుంచి ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు వచ్చింది. 1920లలో అమెరికాలో చేత్తో నడిపే గుండ్రటి రంపం, 1932లో బాష్ వారి విద్యుత్ సుత్తి, 1954లో జర్మనీలో ఫ్లెక్స్ పేరుతో యాంగిల్ గ్రైండరు, 1958లో జపాన్‌లో మకిటా వారి విద్యుత్ చిత్రిక. మకిటా చరిత్రలో మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. 1915లో నగోయాలో మొదలైనప్పుడు అది మోటార్లు బాగుచేసే దుకాణం. 1961లో బ్లాక్ అండ్ డెకర్ తీగలేని డ్రిల్లును అమ్మకానికి తెచ్చింది. 2000 తర్వాత లిథియం అయాన్ బ్యాటరీలు రావడంతో ఆ కొమ్మే చెట్టయింది.

హైదరాబాద్‌లో కార్ఖానా ఒక చోటుగా ఉన్న రోజులు

ఈ మూడు పేటల చుట్టూ ఒకప్పటి పారిశ్రామిక హైదరాబాద్ ఆనవాళ్లు ఉన్నాయి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం కాలపు థర్మల్ విద్యుత్ కేంద్రం నడిచేది. దాన్ని 1990లలో కూల్చేశారు. దిగువ ట్యాంక్‌బండ్ దగ్గర డీబీఆర్ మిల్లు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటితే ఆజామాబాద్ పారిశ్రామిక వాడ, వజీర్ సుల్తాన్ సిగరెట్ కంపెనీ (వీఎస్టీ). అశోక్‌నగర్‌కు కూతవేటు దూరంలోని కవాడిగూడలో 1943లో ఏర్పడిన ప్రాగా టూల్స్. 1960లలో దాని వాటాల్లో 56 శాతం కేంద్రానివి, 32 శాతం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి. యంత్ర పరికరాలూ, వాటికి బిగించే చక్కులూ చేసిన ఆ సంస్థ చివరికి హెచ్‌ఎంటీలో కలిసింది.

ఇవన్నీ గోడా గేటూ సైరనూ ఉన్న చోట్లు. యంత్రం ఉన్న చోటికి మనిషి వెళ్లేవాడు. ఫ్యాక్టరీల చట్టం 1948 రాసినవాళ్ల కళ్ల ముందున్నది ఈ దృశ్యమే. అందుకే కరెంటు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ అని లెక్క పెట్టారు. కరెంటు వచ్చిందంటే ప్రమాదం పెరిగిందని ఆ లెక్క ఒప్పుకుంది. ఆ కరెంటు ఒక సంచిలో కూర్చుని మూడో అంతస్తు ఫ్లాటుకు వెళ్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

ఇవాళ ఇదే చుట్టుపక్కల నిర్మాణ పనుల స్థాయి చూడండి. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. చిక్కడపల్లి, నారాయణగూడ దాని స్టేషన్లు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వరకు సుమారు 450 కోట్ల రూపాయల ఖర్చుతో కట్టిన, నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టిన ఉక్కు వంతెన 2023 ఆగస్టు 19న తెరుచుకుంది. ఇలాంటి పెద్ద పనుల్లో భద్రతాధికారి ఉంటాడు, హెల్మెట్టు ఉంటుంది, తనిఖీ ఉంటుంది. అదే గ్రైండరు ఆ వంతెన కింది సందులో ఒక ఫ్లాటు వంటగదిలో తిరిగితే వీటిలో ఏదీ ఉండదు.

వేగం వైపు నిలిచినవారు

వీరి వాదం సూటిగా ఉంటుంది. కాంక్రీటుకు సుత్తి, ఉలితో కన్నం పెట్టడానికి పట్టే సమయంలో హ్యామర్ డ్రిల్లు ఒక గది పని ముగిస్తుంది. కన్నం గుండ్రంగా, కావలసినంత లోతుగా వస్తుంది. చుట్టూ గోడ పెళుసుబారదు. కరీంనగర్, ఖమ్మం గ్రానైటూ చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలకా మధ్యతరగతి ఇంటి వంటగదిలోకి వచ్చాయంటే వజ్రపు పొడి అంచున్న బ్లేడూ, దాన్ని తిప్పే చేతి మోటారూ కారణం.

పరిశ్రమలో ఈ వాదానికి మరింత బలముంది. వాహనాల అసెంబ్లీ లైన్లలో చాలాకాలం గాలి ఒత్తిడితో నడిచే పనిముట్లదే రాజ్యం. అవి తేలిక, వేడెక్కవు, నిప్పురవ్వ భయం తక్కువ. కానీ కంప్రెసరు నుంచి గొట్టాల గుండా వచ్చేసరికి శక్తిలో చాలా భాగం వృథా అవుతుంది. పైగా బోల్టు ఎంత బిగిసిందో ఆ పనిముట్టు చెప్పలేదు. విద్యుత్ నట్‌రన్నరు ప్రతి బోల్టు బిగువునూ కొలిచి నమోదు చేస్తుంది. బ్రేకులకో స్టీరింగుకో పట్టే బోల్టు విషయంలో ఆ నమోదు ఒక ప్రాణం విలువ చేస్తుంది.

అంతవరకు ఒప్పుకోవాల్సిందే. మిగిలిన సమయం ఎవరిదన్న చోట ఈ వాదం తడబడుతుంది. కార్ఖానాలో నెల జీతగాడికి పనిముట్టు కంపెనీ కొనిస్తుంది. టైల్స్ మేస్త్రీ తన కట్టరు తానే కొనుక్కుంటాడు, చదరపు అడుగు లెక్కన ఒప్పుకుంటాడు. అందరి చేతిలోకీ కట్టరు వచ్చాక పోటీలో అడుగు రేటు తగ్గితే, ఆదా అయిన గంటలు ఇంటి యజమాని ఖాతాలోకో బిల్డరు ఖాతాలోకో వెళ్తాయి.

చేతిపని వైపు నిలిచినవారు

రెండో పక్షం భయమూ నిరాధారం కాదు. బాడిస, చిత్రిక, బరమా పట్టిన వడ్రంగి చెక్క నారను వేళ్లతో చదివేవాడు. రెడీమేడ్ ప్లైవుడ్డును గీత మీద కోయడానికి ఆ చదువు అక్కర్లేదు. పదేళ్లలో నేర్చే విద్య పది వారాల్లో వచ్చేదిగా మారితే గురువుకు విలువా తగ్గుతుంది, కూలీ కూడా తగ్గుతుంది. ఆళ్లగడ్డలో, దుర్గిలో విగ్రహాలు చెక్కే శిల్పుల విషయంలోనూ ఈ మాట వినిపిస్తుంది. అయినా అక్కడ పని రెండుగా చీలుతుంది. మోటు రాతిని తొలగించడానికి కట్టరు, ముఖం దగ్గరికొచ్చేసరికి ఉలి. యంత్రం ఆగే చోటును నిర్ణయించేది ఇంకా శిల్పి కన్నే.

ఈ పక్షానికి గట్టి ప్రశ్న వేసే ఉదాహరణ మన నేలమీదే ఉంది. పోచంపల్లి తరహా చీరల నేతలో ఆసు పోయడం ఇంటి ఆడవాళ్ల పని. ఒక్క చీరకు దారాన్ని మేకుల చుట్టూ సుమారు తొమ్మిది వేల సార్లు చేయి చాచి తిప్పాలి. భుజం కీలు అరిగిపోతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడిన ఆ బాధ చూసి 1999లో ఒక యంత్రం తయారుచేశారు, ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. ఆ చిన్న మోటారు నేతను చంపలేదు, మగ్గం మీది కళను తాకలేదు. ఒంటిని నలిపే భాగాన్ని మాత్రం తీసేసింది. పైగా అది ఆ ఇంటి సొంత ఆస్తి అయింది.

యంత్రమా, చేయా అన్న పాత పంచాయితీలో ఈ రెండు సంగతులూ చాలాసార్లు జారిపోతాయి. పనిలో ఏ భాగాన్ని యంత్రానికి ఇచ్చారు, ఆ యంత్రం ఎవరి సొంతం అన్నవి చూడకుండా తీర్పు చెప్పడం తగదు.

ధూళి, అదురు, షాకు

మూడో పక్షం వైద్యులది, కార్మికుల ఆరోగ్యం కోసం పనిచేసేవారిది. అన్నిటికంటే ఎక్కువ తేలిన విషయాలున్నదీ, అన్నిటికంటే తక్కువ అమలైనదీ ఇక్కడే.

అదురు సంగతి వందేళ్ల నాటిది. 1918లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫోర్డ్‌లో సున్నపురాయి చెక్కేవాళ్లను పరీక్షించారు. గాలి సుత్తులు పట్టిన వేళ్లు చలికి తెల్లబడి మొద్దుబారడం గమనించారు. ఇవాళ యూరప్ చట్టం ఎనిమిది గంటల పనికి అదురును సెకనుకు సెకనుకు 2.5 మీటర్లు దాటితే చర్య తీసుకోవాలనీ, 5 మీటర్లు దాటనివ్వరాదనీ చెబుతుంది. మన గోడలు పగలగొట్టే బ్రేకర్ మిషన్ల దగ్గర ఆ కొలత తీసే ఏర్పాటు చూద్దామన్నా కనబడదు.

ధూళి అంతకంటే భయంకరం. కట్టరు బ్లేడు రాతిని కోస్తే పైకి లేచే తెల్లటి మేఘంలో కంటికి కనిపించే పొడి అంత ప్రమాదం కాదు. కనిపించనంత సన్నని సిలికా కణాలు ఊపిరితిత్తుల అడుగుకు చేరి మచ్చ కట్టిస్తాయి. అదే సిలికోసిస్. దానికి మందు లేదు, క్షయ సోకే అవకాశాన్నీ పెంచుతుంది. రాయిని బట్టి ముప్పు మారుతుంది. పాలరాయిలో సిలికా చాలా తక్కువ, గ్రానైటులో నాలుగో వంతు పైచిలుకు. వంటగదుల్లోకి ఇప్పుడు కొత్తగా వస్తున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో తొంభై శాతం దాకా ఉండొచ్చు. యువ కార్మికుల్లో సిలికోసిస్ కేసులు చూసిన ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకలను నిషేధించింది. అమెరికా 2016లో గాలిలో సిలికా పరిమితిని ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములకు దించి, కోసే పనిముట్టుకు నీళ్లో, ధూళిని పీల్చే గొట్టమో ఉండాలని పనులవారీగా పట్టిక ఇచ్చింది.

నీళ్లు పోసి కోయమనడం తేలిక. మన సైట్లలో పనిముట్టు నడిచేది 230 వోల్టుల మీద. ప్లగ్గు లేకుండా రెండు తీగలను సాకెట్లో నేరుగా గుచ్చి పని కానిచ్చే చోట తడి నేల, తడి చేయి అంటే ప్రాణాపాయమే. ధూళి నుంచి తప్పించుకోబోయి షాకు దగ్గరికి వెళ్లడమన్నమాట. కట్టరు మేస్త్రీలు నీళ్లకు జంకడం అజ్ఞానం అనుకునేవారు ఈ లెక్క చూడాలి. బ్రిటన్ సైట్లలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 110 వోల్టులకు దించుతారు. దాని మధ్య బిందువును ఎర్తు చేయడం వల్ల తీగ నుంచి నేలకు ఉండేది 55 వోల్టులే. కరెంటు నేలకు కారితే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇక్కడ కూడా ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికేదే. బ్యాటరీ పనిముట్టయితే ఈ భయం దాదాపు పోతుంది.

గ్రైండరు సంగతి వేరే చెప్పుకోవాలి. నాలుగు అంగుళాల చక్రం నిమిషానికి 11 వేల చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంటుంది. చక్రం పగిలితే ముక్కను ఆపేది గార్డు ఒక్కటే. మూలల్లో చక్రం ఆనడం లేదని ఆ గార్డునే ముందు ఊడదీస్తారు. కొందరు దానికే చెక్క కోసే పళ్ల బ్లేడు తగిలిస్తారు. ఆ బ్లేడు చెక్కలో ఇరుక్కుంటే పనిముట్టు చేతిలోంచి ఎగిరి ఒంటిమీదికే వస్తుంది. గార్డు తీస్తే తిరగని గ్రైండరును తయారుచేయడం ఇంజినీర్లకు అసాధ్యం కాదని గుర్తుచేయాలి. తప్పంతా కార్మికుడి మీదికే నెట్టడం అన్యాయం.

తీగా, బ్యాటరీయా

పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు ఇలా ఉంటాయి. తీగ పనిముట్టు చవక, ఎంతసేపైనా నడుస్తుంది, కార్బన్లూ ఆర్మేచరూ ఊళ్లోనే దొరుకుతాయి, వైండింగు దుకాణంలో మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. షాకు భయం, తీగ తొక్కి పడే భయం దాని వెంటే ఉంటాయి. బ్యాటరీ పనిముట్టులో ఆ భయాలు లేవు, బ్రష్షులు లేని మోటారున్నదైతే అరుగుదలా లేదు. బదులుగా ధర ఎక్కువ. ఎలక్ట్రానిక్ బోర్డు పోతే వీధి మెకానిక్ చేతిలో ఏమీ ఉండదు. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా మరో కంపెనీ ఒంటికి పట్టదు. గాలి పనిముట్టు పెద్ద కార్ఖానాకే సరిపోతుంది.

భద్రత కోసం బ్యాటరీ వైపు నడవమంటే మరమ్మతు మీద బతికే చిన్న దుకాణాలు దెబ్బతింటాయి. 2022 డిసెంబరులో కేంద్రం తెరిచిన మరమ్మతు హక్కు పోర్టల్ వ్యవసాయ పరికరాలు, మొబైల్, ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాల రంగాలను పేర్కొంది. వృత్తి పనిముట్లను ప్రత్యేకంగా చేర్చలేదు. మేస్త్రీకి డ్రిల్లు అంటే జీవనాధారం కాబట్టి జాబితాలో ముందు ఉండాల్సింది అదే. బ్యాటరీ కొలతలన్నిటికీ ఒకే ప్రమాణం పెట్టాలన్న వాదానికీ ఇంకా గట్టి గొంతు రాలేదు.

ఎక్కడ తయారవాలి

నీతి ఆయోగ్ 2025 ఏప్రిల్‌లో చేతి, విద్యుత్ పనిముట్ల పరిశ్రమపై నివేదిక ఇచ్చింది. విద్యుత్ పనిముట్ల ప్రపంచ వాణిజ్యం సుమారు 6,300 కోట్ల డాలర్లయితే భారత్ ఎగుమతి 47 కోట్ల డాలర్లు, అంటే ఒక శాతం లోపే. చైనాతో పోలిస్తే ఇక్కడ తయారీ ఖర్చు 14 నుంచి 17 శాతం ఎక్కువని, పదేళ్లలో రెండు రకాల పనిముట్లూ కలిపి 2,500 కోట్ల డాలర్ల ఎగుమతులు సాధ్యమని ఆ నివేదిక లెక్కగట్టింది.

కొల్హాపూర్ దగ్గర శిరోల్‌లో కేపీటీ లాంటి సంస్థలు దశాబ్దాలుగా నిలబడ్డాయి గనుక ఇది కలలో మాట కాదు. ప్రాగా టూల్స్ చక్కులు చేసిన హైదరాబాద్‌కు నిపుణుల కొరతా లేదు. ఇక్కడి రాణిగంజ్ దుకాణాల్లో పేరున్న కంపెనీ సరుకు పక్కనే సగం ధరకు దొరికే పనిముట్ల మాటేమిటన్నది అసలు చిక్కు. దిగుమతిని బిగిస్తే ఆ చవక పనిముట్టు కొనే మేస్త్రీకే మొదటి దెబ్బ తగులుతుంది. వదిలేస్తే ఇన్సులేషన్ సరిగా లేని మోటారు అతని చేతిలోనే ఉంటుంది.

చట్టం గీత, ఇంటి గడప

శబ్దం విషయంలో నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం చేసే నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతాల్లో వాడకూడదు. అశోక్‌నగర్ హాస్టల్ విద్యార్థికి ఈ రెండో నిబంధన నిజంగా పనికొచ్చేది. పగటి పరిమితి మాత్రం కాగితం మీదిదే. గ్రైండరు శబ్దం పట్టుకున్నవాడి చెవి దగ్గర వంద డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది.

ధూళి విషయంలోనూ నియమం ఉంది. గాలిలో కణాలు పరిమితి మించిన నగరాల్లో నిర్మాణ సామగ్రిని ఆరుబయట కోయడం, సానపట్టడం కూడదనీ, రాయి కోసేటప్పుడు నీటి ధార వాడాలనీ కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలో ప్రకటించింది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్ ఉంది. ఆ నియమం రోడ్డు మీది గాలిని కాపాడేది. ఆరుబయట వద్దన్నారని కిటికీలు మూసి ఫ్లాటులోపల పొడిగా కోస్తే వీధికి మేలే, కోసేవాడికి రెట్టింపు కీడు.

మిగిలింది మనుషుల లెక్క. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కరెంటు వాడే ఫ్యాక్టరీకి పదిమందిగా ఉన్న గీతను ఇరవైకి పెంచింది. నిర్మాణ పనులకు పదిమంది అన్న 1996 చట్టం గీత అలాగే ఉంది. ఫ్లాటు ఇంటీరియర్ పనికి వచ్చేది నలుగురు, అయిదుగురు. ఒక వడ్రంగి, ఒక టైల్స్ మేస్త్రీ, ఒక ఎలక్ట్రీషియన్, ఇద్దరు సహాయకులు. కట్టరు, గ్రైండరు, హ్యామరు మూడూ ఒకే గదిలో నడిచినా ఆ గది ఈ భద్రతా గీతల్లో దేని కిందికీ రాదు. చిన్న పనులను ఇన్‌స్పెక్టర్ల బారిన పడేయకూడదని గీత పైకి జరపడాన్ని సమర్థించేవారి మాటలో న్యాయముంది. నలుగురు పనిచేసే చోటికి రిజిస్టర్లూ లైసెన్సులూ తగిలిస్తే పని దొరకడమే మానేస్తుంది.

చోటును పట్టుకోలేకపోతే మనిషిని పట్టుకునే దారి ఒకటి చట్టంలోనే ఉంది. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు కార్మికుడు సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. ఆ నమోదుతో పాటు ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష, వినికిడి పరీక్ష క్రమం తప్పకుండా జరిపించవచ్చు. నిర్మాణ వ్యయం మీద వసూలయ్యే సెస్సు నుంచి ఆర్‌సీసీబీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డో, ధూళి పీల్చే హుడ్డో సబ్సిడీ మీద ఇవ్వవచ్చు. పనుల వేళలు రాసిపెట్టే అపార్టుమెంటు సంఘాలు తడిగా కోయాలన్న షరతునూ అదే కాగితంలో చేర్చవచ్చు. పదిమంది లోపు పనిచేసే చోట షాకు కొట్టి మనిషి పోతే పరిహారం ఇవ్వాల్సింది మేస్త్రీనా, కాంట్రాక్టరా, ఫ్లాటు యజమానా అన్నదానిపై మాత్రం ఈ నాలుగు పక్షాల్లో ఎవరూ ఇంతవరకు స్పష్టమైన ప్రతిపాదన ముందు పెట్టలేదు.